కబురు చెప్పే వంతు ఖల్ఫాన్‌ది

1976. మస్కట్ నుంచి సీబ్ వైపు వెళ్ళే దారిలో, అల్ మవాలే దగ్గర, అప్పట్లో ఇసుక, తుమ్మ చెట్లు, మేకలు తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు. ఆ ఇసుకలోనే మా రోడ్ల కంపెనీ ట్రెయినింగ్ సెంటర్ ఉండేది. రెండు రేకుల షెడ్లు, ఆఫీసుగా వాడే ఒక పోర్టాకాబిన్, ఒక నీళ్ళ ట్యాంకు. నేను అక్కడ టూల్ రూమ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. ఇన్‌స్ట్రక్టర్ అని నా ఆర్డర్‌లో స్పష్టంగానే రాశారు. అయినా మా సూపరింటెండెంట్, ఇంగ్లీషు దొర హారిస్ నన్ను అక్కడ ఉన్నన్నాళ్ళూ ‘స్టోర్స్’ అనే పిలిచాడు. నా పేరు నర్సయ్య. నిజామాబాద్ జిల్లాలో ఐటీఐ ఫిట్టర్ చదివి వచ్చినవాణ్ణి. నర్సయ్య అనే మాట పలకడానికి ఏ దేశం నాలుకకైనా అంత కష్టమేమీ కాదు.

టూల్ రూమ్ అంటే పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే గది. అక్కడ నేను ఒక షాడో బోర్డు పెట్టాను. గోడకు పెద్ద చెక్క పలక బిగించి, దాని మీద ప్రతి స్పానర్‌కీ, సుత్తికీ, ఆకురాయికీ దాని ఆకారంలోనే నల్ల రంగు నీడ వేయాలి. పనిముట్టు తీసుకెళితే దాని నీడ మిగులుతుంది. సాయంత్రానికి ఏ నీడ ఖాళీగా ఉందో చూస్తే ఏం తిరిగి రాలేదో చదువు రానివాడికి కూడా తెలిసిపోతుంది. ఆ ఆలోచన నాది. కంపెనీకి వెళ్ళిన రిపోర్టులో అది హారిస్ ఆలోచనగా వెళ్ళింది. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. రాకపోయినా చెప్పేవాణ్ణి.

ఆ ఏడాదే సెంటర్‌లో ప్రిపరేటరీ సెక్షన్ అని ఒకటి మొదలుపెట్టారు. నేర్చుకోవడం నెమ్మదిగా ఉండి, మామూలు అప్రెంటిస్ పరీక్ష నెగ్గలేని కుర్రాళ్ళ కోసం అది. పనితో పాటు వాళ్ళకు పెద్దవాళ్ళుగా బతకడం నేర్పాలి. వేళకు లేచి డ్యూటీకి రావడం, ఒంటరిగా బండెక్కి దిగడం, తన తిండి తాను వండుకోవడం, తెలియనిది తెలియదని నోరు విప్పి అడగడం. ప్రతి కుర్రాడి పక్కనా ఒక మేట్‌ని పెట్టేవాళ్ళం. మేట్ అంటే అనుభవం ఉన్న పనివాడు. మొదట చేయి పట్టుకుని చేయిస్తాడు. తర్వాత వేలితో చూపిస్తాడు. ఆ తర్వాత ఊరికే పక్కన నిలబడతాడు. చివరికి నిలబడడు కూడా. ఇలా సాయాన్ని కొంచెం కొంచెంగా తీసేయడాన్ని ఫేడింగ్ అంటారు. నేర్పడం కంటే ఈ తీసేయడమే కష్టం. మనిషి తడబడుతుంటే చూస్తూ చేతులు కట్టుకుని ఉండాలి కదా.

ఆ సెక్షన్‌లో చేరాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి, ఇంటర్వ్యూకి రావాలి. ఇంటర్వ్యూ ప్యానెల్‌లో హారిస్, తర్జుమాకి ఖాదర్ భాయ్, నేను. ఖాదర్ భాయ్‌ది కడప. మాకు డ్రైవరూ అతనే, దుబాసీ అతనే. నన్ను ప్యానెల్‌లో ఎందుకు వేశారంటే ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి. నాకిచ్చింది చేతుల్లేని కుర్చీ. మిగతా ఇద్దరివీ చేతులున్న కుర్చీలు.

సమాయిల్ అనే ఊరి నుంచి ఖల్ఫాన్ అనే కుర్రాడు వచ్చింది ఆ రోజుల్లోనే. పదిహేడేళ్ళుంటాయేమో. తల మీద కుట్టుపని టోపీ, ఒంటి మీద పాదాలదాకా తెల్లటి దిష్‌దాషా. వెంట తల్లి, మేనమామ హమద్. తండ్రి లేడు. ఆ ఊళ్ళో తల్లిని పేరు పెట్టి పిలవరు, ఉమ్ ఖల్ఫాన్ అంటారు, అంటే ఖల్ఫాన్ అమ్మ. ముగ్గురూ ఖర్జూరాల లారీ మీద కూర్చుని వచ్చారు. దుమ్ము దులుపుకోవడానికైనా వాళ్ళకు టైమివ్వలేదు.

హారిస్ కాగితం మీది నుంచి తల ఎత్తకుండా అడిగాడు, “నీ పేరేంటి?”

ఖాదర్ భాయ్ అరబీలోకి మార్చాడు. ఖల్ఫాన్ నేల చూశాడు. హమద్ చెప్పాడు, “ఖల్ఫాన్.”

“అతన్నే చెప్పమను. వయసెంత?”

హమద్ చెప్పాడు. ఏం పని ఇష్టం అంటే హమద్ చెప్పాడు. గడియారం చూపించి టైమెంత అంటే దానికీ హమదే నోరు తెరిచాడు. పెగ్ బోర్డు ముందు పెట్టారు. రంధ్రాలున్న చిన్న పలక అది, చూపించిన వరసలో కొయ్య మేకులు గుచ్చాలి. ఖల్ఫాన్ ఒక మేకు చేతిలోకి తీసుకుని, మామ వైపు చూసి, మళ్ళీ కింద పెట్టేశాడు. హారిస్ కాగితం మీద ‘మాట్లాడడు, సెక్షన్‌కు పనికిరాడు’ అని రాసి, తర్వాతి వాళ్ళను పిలవమన్నాడు.

“సార్,” అన్నాను, “మనం అతన్ని సరిగ్గా అడగలేదు.”

“స్టోర్స్, నువ్వు నీ స్పానర్లు చూసుకో.”

ఆ మాట తర్జుమా అక్కర్లేకుండానే గదిలో అందరికీ అర్థమైంది. హమద్ నన్ను జాలిగా చూశాడు. అది మరీ బాధ.

బయట నీళ్ళ ట్యాంకు నీడలో ఉమ్ ఖల్ఫాన్ కూర్చుని ఉంది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఖాదర్ భాయ్‌ని పిలిచి, నన్ను చూపిస్తూ ఏదో అడిగింది.

“ఏమంటాంది?”

“ఆ దొర ఏం వినాలనుకున్నాడు అని అడుగుతాంది అన్నా.”

“మీవాడి మాట వినాలనుకున్నాడని చెప్పు.”

ఆమె నవ్వింది. పెద్దగా కాదు, ముక్కుతో. ఖాదర్ భాయ్ ఆమె మాటలు ఒకటొకటిగా చెప్పాడు. “మా ఇంటికి శత్రువు వచ్చినా ముందు కూర్చోమంటాం. ఖర్జూరం పెడతాం, కహ్వా కాఫీ పోస్తాం. తర్వాత కబురు అడుగుతాం. ఒకసారి అడిగితే లేదంటాడు. అది మర్యాద. మళ్ళీ అడగాలి. అప్పుడు చెబుతాడు. మీరు నా బిడ్డ కూర్చోకముందే అడిగారు. వాడు మర్యాద తప్పలేదు. వాడు ఊరుకున్నాడు.”

“మరి మామ ఎందుకు చెప్పాడు?”

“వచ్చినవాళ్ళందరి తరఫునా కబురు చెప్పేది ఒక్కడే. వాళ్ళలో పెద్దవాడు. పెద్దవాడుండగా చిన్నవాడు నోరు తెరిస్తే మామ తల ఎక్కడ పెట్టుకోవాలి?”

నాకు చప్పున మా పెద్దనాయన గుర్తొచ్చాడు. ఐటీఐలో సీటు కోసం నన్ను తీసుకెళ్ళినప్పుడు ప్రిన్సిపాల్ అడిగిన ప్రతిదానికీ ఆయనే జవాబు చెప్పాడు. నాకు లెక్కలంటే ఇష్టమని కూడా ఆయనే చెప్పాడు. నాకు లెక్కలంటే పడేది కాదు. అయినా నన్ను మూగవాడని ఎవరూ రాసుకోలేదు. అక్కడ అందరికీ ఆ పద్ధతి తెలుసు కాబట్టి.

“వచ్చే శనివారం వస్తానని చెప్పమంటాంది,” అన్నాడు ఖాదర్ భాయ్.

“ఎందుకు? అయిపోయింది కదా?”

“అది కూడా అడిగినా. అయిపోలేదు అంటాంది.”

నేను ఆ రోజే పై ఆఫీసుకు ఫిర్యాదు రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. రూమ్‌లో బల్బు కింద కూర్చుని రాస్తుంటే ఖాదర్ భాయ్ మంచం మీద నుంచి అనేవాడు, “ఏందన్నా, నీకు ఫిర్యాదు రాయకుంటే కూడు అరగదా? పోయిన నెల కుర్చీ గురించి రాస్తివి. అంతకు ముందు బోర్డు గురించి. ఇప్పుడు ఈ పిల్లోడు. దొరకు నీ చేతిరాత చూస్తేనే తలనొప్పి.”

“తలనొప్పి రావాలనే రాస్తున్న. న్యాయం ఉన్నప్పుడు ఎందుకు ఊకోవాలె?”

“న్యాయం ఉంది. నీకు ఇంకు కూడా ఉంది. పండుకో.”

ఉమ్ ఖల్ఫాన్ అన్న మాట ప్రకారం శనివారం వచ్చింది. ఆ తర్వాతి శనివారం కూడా. సమాయిల్ నుంచి మా సెంటర్‌కు రావడమంటే అప్పట్లో తేలిక కాదు. ఎవరి బండి దొరికితే ఆ బండి. వచ్చి ఎవరినీ బతిమాలేది కాదు. ట్యాంకు నీడలో చాప పరిచి, తెచ్చిన కహ్వా కూజా తీసి, వాచ్‌మన్‌కు పోసేది, ఖాదర్ భాయ్‌కు పోసేది, నాకు పోసేది. కబురు అడిగేది. మేం చెప్పేది వినేది. నన్ను కబురు అడిగితే మామూలుగా నేను ఆపను. ఖాదర్ భాయ్ సగం సగమే తర్జుమా చేసేవాడని నాకిప్పటికీ అనుమానం. పక్కనే ఖల్ఫాన్ కూర్చుని చిన్న కప్పులు కడిగి బోర్లించేవాడు.

నా పద్ధతి, ఆమె పద్ధతి పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. నేను కాగితం పంపేవాణ్ణి. అది ఏదో ట్రేలో పడుకునేది. ఆమె తానే వచ్చి కూర్చునేది. ఆఫీసులోకి వెళ్ళాలన్నా, బయటికి రావాలన్నా హారిస్ ఆమె ముందు నుంచే నడవాలి. నడిచిన ప్రతిసారీ ఆమె లేచి నిలబడి, కుడి చేత్తో కప్పు చాపేది. మొదట్లో చేయి ఊపి వెళ్ళిపోయేవాడు. ఒక శనివారం ఎండ మండిపోతుంటే ఆగి, కప్పు తీసుకున్నాడు. తాగి, నా వైపు తిరిగాడు.

“స్టోర్స్, నీ కాగితాలు నాకు పంపించేశారు. అన్నీ. సరే, ఇంకోసారి చూద్దాం. ఏర్పాటంతా నీది. ఈసారి కూడా నోరు విప్పకపోతే నువ్వు మళ్ళీ ఆ విషయం ఎత్తకూడదు.”

ఎత్తకూడదు అన్నది నాకు చాలా పెద్ద షరతు. అయినా ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నానే గాని భయం పట్టుకుంది. హమద్‌ను రావద్దనడానికి లేదు. మగదిక్కు లేకుండా ఆమె కొడుకుని తీసుకుని ఆఫీసు గదిలోకి రాదు. హమద్ వస్తే మళ్ళీ అతనే మాట్లాడతాడు. ఆమెతో ఆ మాటే అన్నాను. ఆమె కప్పులు సర్దుకుంటూ, “అది నా ఇంటి సంగతి. మీరు మీ దొరకు కూర్చోవడం నేర్పండి,” అంది.

నేర్పాను. ఆ పూట ఎంత సంతోషంగా గడిచిందో దాచను. పోర్టాకాబిన్‌లో కుర్చీలన్నీ బయట పెట్టించాను, చేతులున్నవీ లేనివీ. చాప పరిచాను. అరికాళ్ళు ఎదుటివాళ్ళ వైపు ఉండకూడదని చెప్పాను. కహ్వా కప్పు కుడి చేత్తో తీసుకోవాలని, చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపాలని, ఊపకపోతే పోస్తూనే ఉంటారని చెప్పాను. కబురు మళ్ళీ మళ్ళీ అడగాలని, అడిగాక ఊరుకోవాలని చెప్పాను. “ఎంతసేపు?” అన్నాడు హారిస్. “అతను చెప్పేదాకా,” అన్నాను.

వాళ్ళు వచ్చారు. హారిస్ చాప మీద మోకాళ్ళు ఎటు పెట్టాలో తెలియక అవస్థ పడుతున్నాడు. హమద్ కూర్చున్నాడు, ఖల్ఫాన్ అతని పక్కన, ఉమ్ ఖల్ఫాన్ గుమ్మం పక్కగా. ఖర్జూరాలు అయ్యాయి. కహ్వా అయింది. హారిస్ నేను నేర్పినట్టే అడిగాడు, “ఏం కబుర్లు?”

హమద్ గొంతు సవరించుకున్నాడు. నా ప్రాణం పోయింది. అతను మేనల్లుడి వైపు చేయి చాపి అన్నాడు, “ఈ రోజు కబురు చెప్పేది ఖల్ఫాన్.”

ఖాదర్ భాయ్ తర్జుమా చేయడం మానేసి నా వైపు చూశాడు. అరబ్బుల మధ్య చాలా ఏళ్ళు తిరిగినవాడు. పెద్దవాడు తన వంతు చిన్నవాడికివ్వడం అతను చూడలేదట.

ఖల్ఫాన్ చెప్పాడు. “కబుర్లేమీ లేవు. అంతా మంచే.”

“ఏం సంగతులు?” హారిస్ మళ్ళీ అడిగాడు.

“ఏమీ లేవు. అంతా మంచే.”

హారిస్ నా వైపు చూశాడు. నేను చేయి అడ్డంగా ఊపాను. ఊరుకో అని. ఖల్ఫాన్ పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. హమద్ నోరు తెరిచాడు. గుమ్మం దగ్గర నుంచి ఉమ్ ఖల్ఫాన్ దగ్గింది. చిన్న దగ్గు. హమద్ నోరు మూసుకున్నాడు.

అప్పుడు ఖల్ఫాన్ మొదలుపెట్టాడు. మాటకూ మాటకూ మధ్య ఆగుతూ, నేల చూస్తూనే. “సమాయిల్‌లో వాన పడింది. కాలవకు నీళ్ళొచ్చాయి. మామ గాడిదకు కాలు వాచింది. నిన్న లేచి నిలబడింది. మేం సయీద్ బండిలో వచ్చాం. కొండ మలుపులో టైరు పగిలింది. సయీద్ నట్లు ఇసుకలో పెట్టాడు. ఇసుకలో పెడితే పోతాయి. నేను టోపీ తీసి అందులో పెట్టాను. అన్నీ మళ్ళీ బిగించాడు.” ఆగాడు. తల మీది టోపీ తీసి లోపల చూపించాడు. కుట్టుపని నిండా నల్లటి గ్రీజు. “అమ్మ కోప్పడింది.”

గది అంతా నవ్వింది. హమద్ అందరికంటే ముందు నవ్వాడు.

అక్కడితో అయిపోయిందని హారిస్ పెగ్ బోర్డు అందుకోబోయాడు. ఖల్ఫాన్ వంతు అవలేదు. కబురు చెప్పినవాడు తిరిగి అడగాలి. అతను మొదటిసారి తల ఎత్తి అడిగాడు, “మీ కబుర్లేంటి?”

“ఏమీ లేవు. అంతా మంచే,” అన్నాడు హారిస్, నేను నేర్పిన మాటే.

“ఏం సంగతులు?” అని ఖల్ఫాన్ మళ్ళీ అడిగి, ఊరుకున్నాడు. అలా ఊరుకోవడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. హారిస్ కప్పును వేళ్ళ మధ్య తిప్పాడు. చివరికి నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో అతని తండ్రి మంచాన పడ్డాడట. మనుషుల్ని గుర్తుపట్టడం లేదట. రోజూ అతని కింద పనిచేసిన మాకెవరికీ ఆ సంగతి తెలియదు. ఖాదర్ భాయ్ గొంతు తగ్గించి అరబీలో చెప్పాడు. ఖల్ఫాన్ విని, కుడి చేయి గుండె మీద పెట్టుకుని, “దేవుడు ఆయన్ని బాగుచేయాలి,” అన్నాడు. తర్వాత కూజా తీసుకుని హారిస్ కప్పులో కహ్వా పోశాడు.

పెగ్ బోర్డులో ఖల్ఫాన్ సగం మేకులు తప్పు రంధ్రాల్లో గుచ్చాడు. హారిస్ బోర్డు పక్కకు జరిపి, “మేకులు నేర్పొచ్చు. తీసుకుంటున్నాం,” అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆ మనిషిని నేను మెచ్చుకుంటాను. మిగతా లెక్కలు వేరే.

వాళ్ళు వెళ్ళేముందు హమద్‌ని అడిగాను, ఒక్కసారిగా ఇదెలా కుదిరిందని. ఒక్కసారిగా కాదన్నాడు. మేం కాదన్న రోజు రాత్రి నుంచే తన చెల్లెలు మొదలుపెట్టిందట. మొదట ఇంట్లో కూర్చోబెట్టి ప్రతి మాటా అందించి కబురు చెప్పించింది. తర్వాత మొదటి మాట మాత్రమే అందించింది. ఆ తర్వాత పక్కింటివాళ్ళను పిలిచి, తాను గోడవతల కూర్చుంది. “ఈ రోజు దగ్గింది మాత్రం నా కోసం,” అన్నాడు హమద్. “వాడికి అక్కర్లేదు.” మేం ఫేడింగ్ అని పెద్ద పేరు పెట్టుకుని, మేట్‌లకు ఎంత చెప్పినా ఎక్కని పనిని ఆమె తన ఇంట్లో, తన కొడుకు మీద చేసుకొచ్చింది. పైగా అన్న మీద కూడా చేసింది. కొడుక్కి మాట్లాడటం నేర్పడం కంటే అన్నకు ఊరుకోవడం నేర్పడమే కష్టమై ఉంటుందని నా నమ్మకం.

ఖల్ఫాన్‌ను నా టూల్ రూమ్‌లోనే వేశారు. మేట్‌ని నేనే. గడియారం అతనికి చాలాకాలం లొంగలేదు. షాడో బోర్డు మాత్రం త్వరగానే పట్టుబడింది. ఖాళీ నీడ కనిపిస్తే భోజనానికి కూడా కదిలేవాడు కాదు. చిక్కు ఇంకోచోట వచ్చింది. పనిముట్టు కోసం టూల్ రూమ్ కిటికీ దగ్గరికి వచ్చిన ప్రతివాణ్ణీ కబురు అడిగేవాడు. చెప్పేదాకా స్పానర్ ఇచ్చేవాడు కాదు. పొద్దున్నే షెడ్డు చుట్టూ లైను. “ఏందన్నా ఇది, పానా కావాల్నంటే మా పెండ్లాం సంగతి చెప్పాల్నా?” అని ఖాదర్ భాయ్ కేకలు. దానికి దారి కూడా ఉమ్ ఖల్ఫానే చెప్పింది. దారిలో ఎదురైనవాడికి చిన్న సలాం, ఇంటికొచ్చినవాడికి పెద్ద కబురు. పొద్దున కిటికీని దారి అనుకో, సాయంత్రం దాన్నే ఇల్లు అనుకో అంది కొడుకుతో. ఖల్ఫాన్ అలాగే అనుకున్నాడు. లైను పోయింది. సాయంత్రం పనిముట్లు అప్పగించి కబురు చెప్పి పోవడం మా వాళ్ళకు అలవాటైంది. ఏ పనిముట్టుకు పగులు వచ్చిందో, ఎవడి వేలికి దెబ్బ తగిలిందో దాచకుండా చెప్పేవాళ్ళు. అంతకు ముందు నేను గద్దించి అడిగినా చెప్పేవాళ్ళు కాదు.

సెక్షన్‌లో చివరి పరీక్ష ఒంటరి ప్రయాణం. సమాయిల్‌లో బండి ఎక్కి, సెంటర్ దగ్గర దిగాలి. పక్కన ఎవరూ ఉండకూడదు. ఆ పొద్దున నేను రోడ్డు మీద నిలబడ్డాను. బండి ఆగింది. ఖల్ఫాన్ దిగాడు. డ్రైవర్ చెప్పాడు, వాళ్ళ అమ్మ రోడ్డుదాకా వచ్చి, బండి కదలకముందే వెనక్కి తిరిగి ఇంటికి నడిచి వెళ్ళిపోయిందని. ఎందుకు అలా వెళ్ళిందో నాకు తెలుసు. అక్కడే నిలబడితే అతను తిరిగి చూస్తాడు.

ముగింపు ఫంక్షన్‌లో అందరికీ ఫొటో తీశారు. నేను అంచున నిలబడ్డాను. పంచిపెట్టిన ఫొటోలో నా భుజం ఒక్కటే పడింది. రాశాను, జవాబు రాలేదు. కొత్త ఇంటర్వ్యూ పద్ధతి అని సెంటర్ రూల్స్‌లో చేర్చారు. ముందు కూర్చోబెట్టాలి, కాఫీ ఇవ్వాలి, పెద్దవాళ్ళ వంతును పెద్దవాళ్ళనే అడిగి కుర్రాడికి ఇప్పించాలి, అడిగాక ఊరుకోవాలి. కింద హారిస్ సంతకం. ఉమ్ ఖల్ఫాన్ పేరు లేదు, నా పేరు లేదు. నా పేరు సంగతి పక్కన పెట్టినా ఆమె పేరు ఉండాల్సింది. ఇక్కడ రాస్తున్నది అందుకే.

ఆ తర్వాత నేను చాలా ఇంటర్వ్యూల్లో కూర్చున్నాను, అక్కడా, ఇంటికొచ్చాకా. ప్రశ్న అడగడం ఎవరికైనా వస్తుంది. అడిగి ఊరుకోవడం నేర్చుకోవాలి. ఎదుటివాడి నిశ్శబ్దాన్ని వాడి తెలివితక్కువతనంగా రాసుకునే ముందు, వాడికి మనం కూర్చోవడానికి చోటిచ్చామా అని చూసుకోవాలి. ఇది నాకు నేర్పింది సమాయిల్ నుంచి వచ్చిన ఆ తల్లి.

1979లో టూల్ ఆడిట్ కోసం సమాయిల్ దగ్గర మా రోడ్డు క్యాంపుకు వెళ్ళాను. అక్కడ టూల్ రూమ్ ఖల్ఫాన్ చేతిలో ఉంది. మేట్ లేడు. బోర్డు మీద ఒక్క నీడ కూడా ఖాళీగా లేదు. సాయంత్రమైంది కాబట్టి నన్ను ఇంటికొచ్చినవాడిలా చాప మీద కూర్చోబెట్టాడు. ఖర్జూరం పెట్టాడు, కహ్వా పోశాడు. నాకు అప్పటికి అరబీ వచ్చేసింది.

“ఏం కబుర్లు?”

“ఏమీ లేవు. అంతా మంచే.”

“ఏం సంగతులు?” అని ఊరుకున్నాడు.

నేను మొదలుపెట్టాను. చేతుల్లేని కుర్చీ చెప్పాను. షాడో బోర్డు చెప్పాను. ‘స్టోర్స్’ అన్న పిలుపు చెప్పాను, ఫొటోలో తెగిపోయిన తల చెప్పాను, జవాబు రాని ప్రతి కాగితం చెప్పాను. ఖల్ఫాన్ మధ్యలో ఒక్క మాట అనలేదు. గడియారం చూడలేదు. కప్పు ఖాళీ అయిన ప్రతిసారీ పోశాడు. చెప్పడానికి ఇంకేమైనా మిగిలిందా అని నాలో నేను వెతుక్కున్నాను. ఏమీ మిగల్లేదు. కప్పు అటూ ఇటూ ఊపి అతని చేతికిచ్చాను.

నా ఉద్యోగ జీవితం మొత్తంలో నా ఫిర్యాదులన్నీ చివరిదాకా విన్న ఆఫీసు ఆ ఒక్క టూల్ రూమే.